ఆదివారం ఉదయం గంటన్నర రోడ్డు ఇవ్వండి

భిలాయి ఉక్కు కర్మాగారం డైరెక్టర్ ఇన్‌చార్జ్ గారికి,

అయ్యా, మీరు నన్నెరుగరు. రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్‌లో 1974లో చేరి 2012లో రిటైరైన వేలమందిలో నేనొకణ్ణి. ఇప్పుడు సెక్టర్ 7లో మా అబ్బాయి క్వార్టర్లో ఉంటున్నాను. ఈ ఉత్తరం హిందీ ప్రతి మీ ఆఫీసులో విడిగా ఇస్తాను. తెలుగులో రాసి పత్రికకు పంపడానికి కారణం వేరే ఉంది. ఖుర్సీపార్‌లోనూ క్యాంపుల్లోనూ సెక్టర్లలోనూ మనవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. సెక్టర్ 5 బాలాజీ గుడి దగ్గర కలిసినప్పుడల్లా మా మనవరాలి గురించి అడుగుతారు, "ఇంకా సైకిలేనా?" అని. వాళ్లు కూడా ఇది చదివి, నేను అడుగుతున్నదానికి ఓ సంతకం పడేస్తే బాగుంటుందని నా ఆశ.

అడిగేదేమిటో ముందే చెప్పేస్తాను. టౌన్‌షిప్‌లో ఎక్కడైనా సరే, మూడు నాలుగు కిలోమీటర్ల చుట్టు వచ్చే రోడ్డు, ఆదివారం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, మోటారు బండ్లు లేకుండా కావాలి. డబ్బు అడగడం లేదు. మనవరాలికి ఉద్యోగం అడగడం లేదు. వెలోడ్రోమ్, అంటే సైకిలు పందేల ట్రాకు, కట్టమని అసలే అడగను. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర ఒకటి ఉంది, చూసి వచ్చాను. అది కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు.

ఇక మా పిల్ల సంగతి. పేరు రాయొద్దంది. "గెలిచాక రాద్దువుగాని తాతా, ఇప్పుడొద్దు" అంది. పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో ఏడు. పోయిన జూన్ నుంచి ఈ జూన్ దాకా ఏడాది పాటు రేసు సైకిలు తొక్కడం తప్ప వేరే ధ్యాస లేదు. సైకిలు కొనడానికి మా అబ్బాయి సొసైటీలో లోను పెట్టాడు. అల్యూమినియం ఫ్రేము, తొమ్మిది కిలోలుంటుంది. నేను ప్లాంటుకి తొక్కిన హెర్క్యులిస్ ఇరవై కిలోల పైమాటే. మా ఆవిడ దాన్నీ దీన్నీ పక్కపక్కన చూసి, "బరువు తగ్గినకొద్దీ ధర పెరిగేది బంగారం ఒక్కటే కాదన్నమాట" అంది. ఆ మాటకు ఏమి అర్థం చెప్పుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సైకిలంటే ఈ ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. నేను టెక్కలి పక్క పల్లెటూరి నుంచి వచ్చి చేరిన రోజుల్లో పొద్దుటి 'ఏ' షిఫ్టు మొదలయ్యే ముందు ఐదున్నరకి గేటు వైపు సాగే గుంపంతా సైకిళ్లే. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియరు, క్యారేజీ మీద హెల్మెట్టు. స్టాండులో వేలల్లో ఉండేవి, అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా. నాది గుర్తుపట్టడానికి హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ కట్టాను. రెండు వారాలు తిరిగేసరికి నా వరసలోనే ఇరవై ఎర్రగుడ్డలు కనిపించాయి. షిఫ్టు దిగాక ఎవరి సైకిలు ఎవరు వేసుకుపోయారో తేల్చుకోవడానికి మర్నాటి దాకా ఆగాల్సి వచ్చేది. 1959 ఫిబ్రవరిలో రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుంచి చాలా ఏళ్లపాటు ఈ ఊరి ఉక్కు సైకిలెక్కిన కాళ్ల మీదే నడిచింది. మేం తొక్కిన రోడ్లు ఇవే. వెడల్పు, నీడ, చెట్లు అన్నీ అప్పుడు వేసినవే. బండ్లు మాత్రం ఇప్పటివి.

మా పిల్ల వర్షాకాలం నాలుగు నెలలూ వరండాలో రోలర్ల మీద తొక్కింది. రోలర్లంటే మూడు గొట్టాలు, వాటి మీద సైకిలు. బ్యాలెన్సు తప్పితే పక్కకి పడటమే. నాలుగున్నరకి ఆ రొద మొదలయ్యేసరికి పైక్వార్టరు వాళ్లు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. మిల్లు పక్కన బతికినవాళ్లకి చప్పుడంటే ఎంత కాలం కోపం ఉంటుంది? వాన తెరిపిచ్చిన రోజు రోడ్డెక్కేది.

అప్పుడు నేనొక పని పెట్టుకున్నాను. మా అబ్బాయి స్కూటరు మీద ఆమె వెనకే వెళ్లి, ఎన్నిసార్లు బ్రేకు పట్టిందో లెక్కపెట్టడం. ఎందుకంటే ఆమెకు దూరం నుంచి ఫోన్లో సలహా చెప్పే కోచ్ ఒకాయన, "ఇరవై నిమిషాలు ఒకే ఒత్తిడితో తొక్కాలి, ఆగకూడదు, అలాంటివి రెండు చేయాలి" అన్నారు. ఆ ఇరవై నిమిషాలు ఈ క్రీడకు ప్రాణం. గుండె ఒక స్థాయికి ఎక్కి అక్కడే నిలబడాలి, కాళ్లలో మంట పుట్టాలి, ఆ మంటలోనే లయ తప్పకుండా తొక్కడం ఒంటికి నేర్పాలి. మధ్యలో ఒక్కసారి ఆగితే గుండె దిగిపోతుంది, లెక్క మొదటికొస్తుంది. ఆ మంగళవారం నా నోటుబుక్కులో రాసుకున్నది: నలభై నిమిషాలు, బ్రేకులు 31. అందులో ఆవులకు ఆరు, ఆటోలకు తొమ్మిది, ఎదురుగా తప్పు దారిలో వచ్చిన మోటారు సైకిళ్లకు పదకొండు. మిగిలినవి ఏమిటో రాయడానికి టైము చాలలేదు. రోలింగ్ మిల్లులో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాలుతున్న దిమ్మెను స్టాండుల మధ్య ముప్ఫై ఒక్కసార్లు ఆపితే పట్టా రాదు, తుక్కు వస్తుంది.

అక్టోబరు మొదటి వారంలో మా పిల్ల సైకిలు మీంచి పడింది. ఆదివారం ఉదయం, వెలుగు పూర్తిగా రాలేదు. ఆగి ఉన్న కారు ఉన్నట్టుండి ఇటు తిరిగింది. ఎవరి కారని నేను రాయను, ఆయన దిగి వచ్చి సాయం పట్టాడు, భయపడ్డాడు కూడా. మెడ దగ్గర ఎముక విరిగింది. హిందీలో హన్స్‌లీ అంటారు, సైకిలు రేసువాళ్లకి తరచూ విరిగేది అదేనట. చెయ్యి చాచి పడితే దెబ్బంతా భుజం మీదుగా అక్కడికే చేరుతుంది. ఆరు వారాలు రోడ్డు లేదు. మూడో వారంలో చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని, స్టాండుకి బిగించిన సైకిలు మీద ఒంటి చేత్తో తొక్కుతోంటే మా కోడలు వంటింట్లోంచి చూసి ఏడ్చింది. పిల్ల చూడలేదు.

డిసెంబరులో మళ్లీ రోడ్డెక్కాక చలి. ఈ ఊరి చలికి తెల్లవారుజామున వేళ్లు కదలవు. అందుకని వారానికి రెండు రోజులు ఎండెక్కాక ఉతయి దాటి పాటన్ రోడ్డు పట్టేది. అక్కడ జరిగిన ఒక సంగతి మీరు వినాలి. మన రాష్ట్ర ప్రభుత్వం సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిస్తుందని మీకు తెలుసు. బడి వేళకి ఆ రోడ్డంతా వాళ్లే, ముగ్గురు ముగ్గురుగా, ముందు బుట్టలో పుస్తకాల సంచి. ఒకరోజు వాళ్లను దాటి పోతుంటే ఒక పిల్ల పంతం పట్టి వెంటపడింది. సన్నగా ఉంది, చెప్పుల కాళ్లు. బరువైన సైకిలు, గేర్లు లేవు. మా పిల్ల వెనక చక్రానికి రెండడుగుల దూరంలో అంటుకుని కిలోమీటరు పైగా వదలకుండా వచ్చింది. వాళ్ల ఊరి మలుపు రాగానే "దీదీ, కల్ ఫిర్" అని అరిచి తిరిగిపోయింది. ఇంటికొచ్చి మా పిల్ల నాతో అన్నమాట ఇది: "తాతా, ఇన్నాళ్లలో నా వెనక చక్రం పట్టుకుని వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయే."

ఆ మాటలోని బరువు నాకు ఫిబ్రవరిలో తెలిసింది.

దానికి ముందు జనవరిలో రాష్ట్ర స్థాయి ఎంపిక జరిగింది. టైమ్ ట్రయల్, 20 కిలోమీటర్లు. నిమిషానికొకరిని వదులుతారు, ఎవరి పరుగు వాళ్లది, ఇంకొకరి వెనక నక్కకూడదు. మా పిల్ల 34 నిమిషాల 9 సెకన్లలో ముగించి మూడోది వచ్చింది. రెండో స్థానానికి పదకొండు సెకన్లు వెనక. ఒంటరిగా నేర్చుకున్నది ఒంటరి పరుగులో పనికొచ్చింది. జట్టులో తీసుకున్నారు.

ఫిబ్రవరిలో జాతీయ పోటీలకు ఉత్తరాదికి రైల్లో వెళ్లాం. సైకిలు అట్టపెట్టెలో, సీటు కింద పట్టక సందులో. దిగి చూస్తే వెనక గేరు మార్చే భాగం లోపలికి వంగి ఉంది. అది తగిలించే చిన్న అల్యూమినియం ముక్కను హ్యాంగర్ అంటారు. ఫ్రేము విరగకుండా తను వంగిపోవాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. ఒక్కో కంపెనీకి ఒక్కో ఆకారం. రేసు ఎల్లుండి. ఆ ఊళ్లో దొరకలేదు. పెద్ద జట్లవాళ్లు నాలుగేసి పెట్టుకొస్తారట, మాకు ఆ సంగతి తెలియదు. నేను వంగిన ముక్కను జేబులో వేసుకుని లేతు పనివాళ్ల సందులోకి వెళ్లాను. అక్కడొక సర్దార్జీ, నా ఈడువాడే, దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి ఎక్కడివాళ్లమని అడిగాడు. భిలాయి అన్నాను. "రైలు పట్టాల భిలాయా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. ఎనిమిది మిల్లీమీటర్ల అల్యూమినియం పలక తీసి, పాత ముక్కను దాని మీద పెట్టి గీత గీసి, రంపంతో కోసి, ఆకురాయితో గంటన్నర రాశాడు. కన్నానికి మర వెయ్యాల్సి వచ్చినప్పుడు నేనే చెప్పాను, "పది బై ఒకటి, సన్న మర" అని. ఆయన డ్రాయరు లాగి ట్యాపులన్నీ కుమ్మరించాడు. పది బై ఒకటిన్నర ఉంది, ఒకటి లేదు. పక్క షాపు నుంచి తెప్పించాడు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. "పట్టాలు మీవి, ముక్క నాది" అన్నాడు. ఆ ముక్క ఇవాళ్టికీ సైకిలుకే ఉంది. కొత్తది కొన్నాం గానీ మార్చలేదు.

రేసు రోజు గేరు సరిగ్గానే పడింది. పడనిది వేరొకటి. రోడ్ రేసులో డెబ్భై మంది ఒకేసారి బయల్దేరతారు. చక్రానికీ చక్రానికీ మధ్య ఒక జానెడు. ముందువాళ్లు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లకి శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. వేగం పెరిగినకొద్దీ గాలి ఎదురుతన్ను ఇంకా వేగంగా పెరుగుతుంది కాబట్టి గుంపులో ఉన్నవాళ్లూ, గుంపు జారిన ఒంటరీ ఒకే రేసులో ఉన్నట్టు కాదు. పంజాబు, మణిపూర్, మహారాష్ట్ర పిల్లలు మోచేతులు తగిలినా మాట్లాడుకుంటూ తొక్కుతున్నారు. మా పిల్ల రెండో చుట్టులో మలుపు దగ్గర ముందు చక్రానికి భయపడి ఒక్క క్షణం పెడలు ఆపింది. అంతే. మూడు సైకిళ్ల సందు పడింది, తర్వాత పది, తర్వాత రోడ్డు ఖాళీ. ఆమె కాళ్లలో బలం ఉంది, ఆ సందు పూడ్చడానికి ప్రయత్నించి పావుగంట ఒంటరిగా గాలితో కొట్లాడింది. బాగా వెనకబడటంతో నాలుగో చుట్టులో నిర్వాహకులు పక్కకు తీసేశారు. ఏడవలేదు. బండి దిగి నీళ్లు తాగి, "నాకు గుంపులో తొక్కడం రాదు తాతా" అంది, లెక్కల్లో ఒక చాప్టరు రాదన్నట్టుగా.

అయ్యా, ఆ చాప్టరు ఒంటరిగా చదవలేం. నేర్చుకోవడానికి పదిమంది కావాలి. ఆ పదిమందీ జానెడు దూరంలో తొక్కడానికి బండ్లు రాని రోడ్డు కావాలి. ఎదురుగా ఆటో రావచ్చని తెలిసిన చోట ముందు చక్రానికి జానెడు దూరంలో తొక్కమని నేను నా మనవరాలికి చెప్పలేను. మీరైనా చెప్పలేరు.

ఊరు చిన్నదని, ఇక్కడ ఈ ఆట లేదని అంటారేమో. అండమాన్ ఎంత? అక్కణ్ణించి వచ్చిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులో జూనియర్ ప్రపంచ పోటీల కీరిన్ పందెంలో వెండి పతకం తెచ్చాడు. మరుసటి ఏడు జర్మనీలో మన జట్టు టీమ్ స్ప్రింటులో బంగారమే గెలిచింది, అందులోనూ అతనున్నాడు. మా తెలుగువాళ్లలో నంద్యాల కుర్రాడు అర్షద్ షేక్ ఒక కాలు పోగొట్టుకుని కూడా 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సైకిలు తొక్కాడు. ఇంత దూరం ఎందుకు, మన ఊళ్లోనే కోచ్ రాజేశ్ పటేల్ గారు అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పి దేశమంతా ఛత్తీస్‌గఢ్ పేరు వినిపించేలా చేశారు. ఆయనకు ఈ ప్లాంటు కోర్టు ఇచ్చింది కాబట్టి ఆ పిల్లలు వచ్చారు. మా ఆటకు కోర్టంటే రోడ్డే.

నేను ఇక్కడ చేరిన 1974లోనే కొలంబియా రాజధాని బొగొటాలో ఆదివారాలు కొన్ని రోడ్లు బండ్లకు మూసి సైకిళ్లకు వదలడం మొదలుపెట్టారు. సిక్లోవియా అంటారు. ఇప్పుడది ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, నూట ఇరవై కిలోమీటర్ల పైన. 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఎగాన్ బెర్నాల్ ఆ దేశం వాడే. రోడ్డు మూసినందుకే గెలిచాడని నేననను. అక్కడ ఆకాశానికెక్కే కొండలున్నాయి, మనకేమో చాప పరిచినట్టుంది. మా పిల్ల ఎత్తు ఎక్కడం నేర్చుకోవడానికి మే నెలలో విశాఖలో మా చెల్లెలింట్లో మకాం పెట్టి, శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటు తొక్కాల్సి వచ్చింది. కొండలు మీరివ్వలేరు. రోడ్డు ఇవ్వగలరు.

హైదరాబాదువాళ్లు 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సోలారు పలకల కప్పుతో. బాగుంది. మాకు కప్పు అక్కర్లేదు, చెట్లున్నాయి.

ఇక అభ్యంతరాలు. ప్లాంటులో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, అవి నాకు తెలియనివి కావు. ఆదివారమైనా ఫర్నేసు ఆగదు. ఆరింటికి రాత్రి 'సీ' షిఫ్టు దిగుతుంది, పొద్దుటి 'ఏ' షిఫ్టు ఎక్కుతుంది. అందుకే ఐదున్నర కాకుండా ఆరున్నర అడిగాను, అప్పటికి అందరూ ఇళ్లకు చేరతారు. గేట్లకు వెళ్లే దారులు వద్దు. సెక్టర్ 9 ఆసుపత్రికి అంబులెన్సు వెళ్లే దారి అసలే వద్దు. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు, గుడికి వెళ్లేవాళ్లు ఒక వీధి చుట్టు తిరగాల్సి వస్తుంది, నిజమే. గంటన్నర మటుకే. పాలవాళ్లు ఆరున్నరకల్లా పని ముగిస్తారు, అడిగి తెలుసుకున్నాను. ఏ రోడ్డు అన్నది మీ ఇంజనీర్లు తేల్చాలి. నాకు ఒకటి రెండు ఇష్టమైనవి ఉన్నాయి గానీ ఇక్కడ రాస్తే ఆ వీధివాళ్లు ముందే దెబ్బలాటకొస్తారు.

రేసు పిల్లలు ఈ ఊళ్లో పట్టుమని పదిమంది ఉండరు, వాళ్లకోసం రోడ్డు మూయడమా అని అడగొచ్చు. మొదటి అరగంట వాళ్లది. మిగతా గంట అందరిదీ. శిక్షణ చక్రాల పసిపిల్లలది, మోకాళ్లు పట్టేసిన నాలాంటివాళ్లది. పాటన్ రోడ్డు మీద చెప్పుల కాళ్లతో వెంటపడిన ఆ అమ్మాయి ఎవరో మాకు తెలియదు, కానీ వాళ్ల బడి ఎక్కడో తెలుసు. రోడ్డు దొరికిన మొదటి ఆదివారం మా అబ్బాయి వెళ్లి ఆ పిల్లనీ వాళ్ల నాన్ననీ పిలుచుకొస్తానన్నాడు.

బారికేడ్లు పెట్టడానికి మనుషుల్లేరని ఎవరైనా అంటే ఆ మాట ఒప్పుకోకండి. మా వాకింగు బ్యాచిలో రిటైరైనవాళ్లం పద్నాలుగు మందిమి ఉన్నాం. మిల్లు, కోక్ ఓవెన్, స్టీల్ మెల్టింగ్ షాపు, అన్నీ కలిపి. ఏ మూల ఎవరు నిలబడాలో పేర్లు రాసి పెట్టుకున్నాం. ఈలలు మేమే కొంటాం. ఆరుకల్లా వచ్చి అడ్డుకర్రలు మోసి, ఎనిమిదింటికి మేమే తీసేస్తాం.

తర్వాతి ఎంపికలు మళ్లీ జనవరిలో ఉంటాయి. వానలు వెనకబట్టాక అక్టోబరు నుంచి లెక్కేసినా పన్నెండు ఆదివారాలు దొరుకుతాయి. ముందు నాలుగు ఆదివారాలు ఇచ్చి చూడండి. ఇబ్బందైతే ఐదో ఆదివారం నుంచి ఆపేయండి, ఇంకో ఉత్తరం రాయను.

ఇట్లు,
రైల్ మిల్ రిటైర్డు కార్మికుడు,
సెక్టర్ 7, భిలాయి